గాలి లేని కెరటం

ఆంధ్ర తీరం గుర్తుపెట్టుకున్న పెద్ద జలవిపత్తుల్లో దాదాపు అన్నింటిలోనూ నీటికంటే ముందు గాలి వచ్చింది. 1839లో కోరంగి రేవును, 1864లో మచిలీపట్నాన్ని, 1977లో దివిసీమను ముంచినది తుఫాను గాలి సముద్రపు నీటిని ఒడ్డు వైపు తోసి, ఎత్తుగా పేర్చి, నేల మీదికి నెట్టిన ప్రవాహమే. తెలుగువారు దాన్ని ఉప్పెన అన్నారు. సునామీ పుట్టుక వేరు. సముద్రగర్భంలో నేల భూకంపం వల్ల ఒక్కసారిగా లేచినప్పుడో కుంగినప్పుడో దాని మీదున్న నీరు ఉపరితలం నుంచి అడుగు దాకా కదలి, నాలుగు వైపులా సాగి, ఒడ్డు దగ్గర లోతు తగ్గేకొద్దీ వేగం కోల్పోయి ఎత్తు పెంచుకుంటుంది. దానికి మబ్బుతో గాని గాలితో గాని పని లేదు. అందువల్ల తీరగ్రామాలను సునామీకి సిద్ధం చేయడమంటే హెచ్చరిక యంత్రాలను అమర్చడం ఒక్కటే కాదు. ఆకాశాన్ని చూసి సముద్రాన్ని అంచనా వేయడం తరతరాలుగా నేర్చుకున్న ప్రజలకు, ఆకాశం ఏమీ చెప్పని ప్రమాదాన్ని పరిచయం చేయడం కూడా. ఈ రెండో పని మొదటిదానికంటే కష్టమైనదని, ఆలస్యంగా మొదలైనదని చరిత్ర చూపుతుంది.

ఇదే చిక్కు సముద్రమే లేని చోట కూడా ఎదురైంది. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో, డెట్రాయిట్ నగరానికి ఉత్తరాన, ఓక్లాండ్ కౌంటీలో ఉన్న ట్రాయ్ పట్టణం కార్ల పరిశ్రమను, దాని చుట్టూ పెరిగిన ఇంజనీరింగు, కంప్యూటరు కొలువులను వెతుక్కుంటూ వచ్చిన తెలుగు కుటుంబాలకు చిరకాలంగా నివాసం. ట్రాయ్ తీరపట్టణం కాదు. అయినా తూర్పున కారులో గంటలోపు దూరంలో సెయింట్ క్లెయిర్ సరస్సు, దక్షిణాన ఈరీ సరస్సు, ఉత్తరాన హ్యూరాన్, రాష్ట్రానికి పడమటి అంచున మిషిగన్ సరస్సు ఉన్నాయి. వేసవి సెలవుల్లో పట్టణవాసులు చేరేది ఈ ఒడ్లకే. అవతలి గట్టు కనిపించనంత విశాలమైన ఈ మహాసరస్సుల్లో, భూకంపంతో సంబంధం లేకుండా, సునామీని పోలిన కెరటాలు పుడతాయి. వాటిని శాస్త్రజ్ఞులు వాతావరణ సునామీలు అంటారు.

వీటి పుట్టుక కొంత విచిత్రంగా ఉంటుంది. ఉరుములు, మెరుపులు, ఈదురుగాలులతో ఒకే వరుసగా సాగే గాలివాన పట్టీ ముందంచున వాయుపీడనం హఠాత్తుగా కొన్ని మిల్లీబార్లు పెరుగుతుంది. ఆ ఒత్తిడికి నీటిమట్టం మారేది కొద్ది సెంటీమీటర్లే గనుక మామూలుగా దాన్ని ఎవరూ గమనించరు. అయితే ఇలాంటి పొడవాటి అల వేగం నీటి లోతు మీదే ఆధారపడుతుంది. 80 మీటర్ల లోతులో అది గంటకు సుమారు 100 కిలోమీటర్లు. గాలివాన పట్టీ సరిగ్గా ఆ వేగంతోనే కదిలితే అల దానితోపాటే సాగుతూ, అడుగడుగునా కొత్త శక్తిని పుంజుకుని, చివరికి మీటర్ల ఎత్తుకు చేరుతుంది. బ్రిటిష్ గణితవేత్త, సముద్రశాస్త్రజ్ఞుడు జోసెఫ్ ప్రౌడ్‌మన్ 1929లో ఈ సూత్రాన్ని వివరించాడు; అందుకే దీన్ని ప్రౌడ్‌మన్ అనునాదం అంటారు. అదే ఏడాది జూలై 4న, అమెరికా స్వాతంత్ర్య దినోత్సవం నాడు, మిషిగన్ సరస్సు తూర్పు ఒడ్డున గ్రాండ్ హేవెన్ రేవుకట్ట మీదికి దూకిన కెరటం పదిమందిని పొట్టన పెట్టుకుంది. సూత్రానికీ సంఘటనకూ ఉన్న సంబంధం అప్పట్లో ఎవరికీ తట్టలేదు.

ఆ సంబంధం తెలియడానికి మరో పాతికేళ్ళు పట్టింది. 1954 జూన్ 26 శనివారం ఉదయం ఒక గాలివాన పట్టీ వాయవ్యం నుంచి ఆగ్నేయానికి మిషిగన్ సరస్సు దక్షిణ భాగాన్ని దాటిపోయింది. షికాగో ఒడ్డున మాంట్రోజ్ రేవుకట్ట మీద చేపలు పట్టేవారు గాలాలు వేసుకుని ఉన్నారు. గాలివాన వచ్చింది, వెళ్ళింది. దాని వెంట పుట్టిన అల అవతలి ఒడ్డున ఇండియానా రాష్ట్రంలోని మిషిగన్ సిటీని తాకి, వెనుదిరిగి, సుమారు గంటన్నర తరువాత షికాగో చేరింది. నగరం మీద గాలి తగ్గిపోయిన వేళ, తొమ్మిదిన్నర ప్రాంతంలో, కొన్నిచోట్ల మూడు మీటర్ల ఎత్తు వరకు లేచిన నీరు రేవుకట్టల మీదినుంచి మనుషులను ఊడ్చేసి ఎనిమిది మందిని బలిగొంది. గాలివాన దాటిపోయాక ఒడ్డు నిరపాయమన్న నమ్మకం, సాధారణ తుఫానుల అనుభవం నుంచి పుట్టిన పూర్తిగా సహేతుకమైన నమ్మకం, ఆ ఉదయం వారి ప్రాణాల మీదికి తెచ్చింది.

మారిస్ యూయింగ్, ఫ్రాంక్ ప్రెస్, విలియం డాన్ అనే ముగ్గురు భూభౌతిక శాస్త్రజ్ఞులు అదే ఏడాది ఈ కెరటానికి కారణాన్ని ప్రకటించారు: పట్టీ వేగమూ ఆ లోతులో అల వేగమూ ఒక్కటయ్యాయి. షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన జార్జ్ ప్లాట్జ్‌మన్ అప్పుడప్పుడే అందుబాటులోకి వస్తున్న ఎలక్ట్రానిక్ కంప్యూటరుతో సరస్సు మీద ఆ అల నడిచిన తీరును లెక్కగట్టి, గాలివాన పట్టీ వేగమూ దిశా తెలిస్తే ఏ ఒడ్డుకు ఎప్పుడు ఎంత ఎత్తు నీరు వస్తుందో ముందుగా చెప్పవచ్చని చూపాడు. ఒక్క నగరపు ఒడ్డు కోసం, ఎనిమిది మరణాల తరువాత, కొన్నేళ్ళలోనే సిద్ధాంతం హెచ్చరికకు పనికొచ్చే రూపానికి చేరడం చరిత్రలో అరుదు; దీన్ని ఆ తరం శాస్త్రజ్ఞుల నిబద్ధతకు గుర్తుగా చెప్పుకోవాలి. అయినా 2003 జూలై 4న మిషిగన్ రాష్ట్రపు నైరుతి మూలన సాయర్ గ్రామం దగ్గరి ఒడ్డున ఏడుగురు మునిగిపోయారు. గాలివాన వెళ్ళిపోయింది, నీరు ప్రశాంతంగా కనిపించింది, సెలవు రోజు గనుక జనం తిరిగి నీటిలోకి దిగారు. ఆనాటి వాతావరణ సునామీ ఒడ్డుకు తోసిన నీరు తిరిగి లోపలికి పోతూ కల్పించిన బలమైన ప్రవాహాలు వారిని లాక్కుపోయాయని నిర్ధారణ అయ్యేసరికి పదిహేనేళ్ళు దాటింది. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, ట్రాయ్‌కి దగ్గరలోని యాన్ ఆర్బర్‌లో ఉన్న కేంద్ర ప్రభుత్వ మహాసరస్సుల పరిశోధనాలయం శాస్త్రజ్ఞులు కలిసి 2016లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం ఈ సరస్సుల్లో ఏటా సగటున వందకు పైగా ఇలాంటి అలలు పుడుతున్నాయి. చాలావరకు చిన్నవి, ఎవరి దృష్టికీ రానివి. సముద్ర సునామీకి ఉన్నంత పకడ్బందీ హెచ్చరిక వీటికి ఇంకా ఏర్పడలేదు. ట్రాయ్ ఉన్న ఓక్లాండ్ కౌంటీలోనే, వైట్ లేక్‌లో పనిచేసే జాతీయ వాతావరణ సేవ కార్యాలయం ఒడ్డు ప్రమాదాల ప్రకటనలు విడుదల చేస్తుంది. వాటిని చదివి, గాలివాన పోయాక కూడా కొన్ని గంటలు నీటికి దూరంగా ఉండే అలవాటు మాత్రం ప్రజలు చేసుకోవలసిందే.

యంత్రం ఒకటి, అలవాటు మరొకటి అన్న సంగతి పసిఫిక్ మహాసముద్రంలో ఇంకా కఠినంగా తేలింది. 1946 ఏప్రిల్ 1న అలాస్కా దగ్గరి అల్యూషియన్ దీవుల్లో వచ్చిన భూకంపం వల్ల పుట్టిన సునామీ హవాయి దీవుల్లో 159 మందిని చంపిన తరువాత, 1949లో అమెరికా ప్రభుత్వం హొనొలులు దగ్గర సునామీ హెచ్చరిక కేంద్రాన్ని నెలకొల్పింది. 1960 మే నెలలో చిలీ భూకంపపు అల పసిఫిక్‌ను దాటి వస్తోందని ఆ కేంద్రం గంటల ముందే చెప్పింది. హీలో పట్టణంలో రాత్రి ఎనిమిదిన్నరకు సైరన్ మోగింది. అల అర్ధరాత్రి దాటాక వచ్చింది. చేతిలో నాలుగు గంటలకు పైగా ఉన్నా 61 మంది చనిపోయారు. సైరన్ విన్నవారిలో చాలామందికి అది కదలమన్న ఆదేశమో, తరువాతి కబురు కోసం కనిపెట్టుకుని ఉండమన్న సూచనో తెలియలేదు. ఊరు తనంత తాను సిద్ధపడితే తప్ప సైరన్ వల్ల ప్రయోజనం లేదన్న గ్రహింపు విధానంగా మారడానికి మరో నాలుగు దశాబ్దాలు పట్టింది. 2001లో అమెరికా జాతీయ వాతావరణ సేవ తీరపట్టణాలకు కొన్ని షరతులు పెట్టి, వాటిని నెరవేర్చిన ఊరికి సునామీకి సిద్ధమైనదన్న గుర్తింపు ఇవ్వడం మొదలుపెట్టింది. వాషింగ్టన్ రాష్ట్రంలోని ఓషన్ షోర్స్ ఆ గుర్తింపు పొందిన తొలి ఊరు. ఈ పద్ధతే తరువాత ఐక్యరాజ్యసమితి విద్యా, వైజ్ఞానిక, సాంస్కృతిక సంస్థ యునెస్కో చేతికి వచ్చి, చివరికి బంగాళాఖాతపు ఒడ్డున తెలుగు మాట్లాడే జాలరుల పేటల దాకా చేరింది.

ఆ ఒడ్డున హెచ్చరికలకు అంతకు ముందే దీర్ఘచరిత్ర ఉంది. 1864 అక్టోబరులో కలకత్తానూ, నెల తిరగకుండా నవంబరు 1న మచిలీపట్నాన్నీ తుఫానులు ధ్వంసం చేశాయి. మచిలీపట్నంలో ఉప్పెన పాలైనవారు సుమారు 30,000 మంది. మరుసటి ఏడాది కలకత్తా రేవుకు తుఫాను హెచ్చరికలు పంపే ఏర్పాటు జరిగింది, 1875లో భారత వాతావరణ శాఖ పుట్టింది. అప్పటి నుంచి క్రమంగా స్థిరపడిన రేవు సంకేతాలను కోస్తా జిల్లాల్లో తెలియనివారు అరుదు. పగలు స్తంభం మీద శంకువులు, డోలు ఆకారపు గుర్తులు, రాత్రి ఎరుపు, తెలుపు దీపాలు అమర్చి ఒకటి నుంచి పదకొండు వరకు ప్రమాద సూచికలను ఎగరవేసేవారు. మూడో నంబరు ఎగిరితే రేవు మీద ఈదురుగాలులు రావచ్చు. పదో నంబరు మహా ప్రమాదం. పదకొండో నంబరు ఎగిరిందంటే హెచ్చరించే కేంద్రంతో సంబంధమే తెగిపోయిందని అర్థం. ఈ సంకేతాలు పుట్టింది ఓడల కోసం. రేవులో లంగరు వేసిన కెప్టెనుకు అవి ఏం చేయాలో చెప్పాయి గాని, రేవుకు ముప్పై కిలోమీటర్ల అవతల పాకలో నివసించే కుటుంబానికి ఏమీ చెప్పలేదు.

1977 నవంబరు 19న ఈ వెలితి ఘోరంగా బయటపడింది. కృష్ణా ముఖద్వారం దగ్గర, సముద్రమట్టానికి కాస్త ఎత్తున మాత్రమే ఉన్న దివిసీమలో ఉప్పెన అయిదు మీటర్లకు పైగా లేచి, పదిహేను కిలోమీటర్లకు మించి లోపలికి చొచ్చుకుపోయింది. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి వంటి ఊళ్ళ పేర్లు ఆ రోజుతో ముడిపడిపోయాయి. అధికారిక లెక్కల్లోనే మృతులు దాదాపు పదివేలు. తుఫాను వస్తోందన్న సంగతి రేడియోలో వచ్చింది. ఎక్కడికి పోవాలన్న ప్రశ్నకు మాత్రం జవాబు లేదు, ఎందుకంటే ఆ సీమలో పోదగ్గ మెట్ట లేదు. తరువాతి సంవత్సరాల్లో ప్రభుత్వమూ స్వచ్ఛంద సంస్థలూ తీరం పొడవునా కట్టిన తుఫాను షెల్టర్లు ఆ ప్రశ్నకు కాంక్రీటులో ఇచ్చిన జవాబు. నీరు అడ్డులేకుండా పారేందుకు కింది అంతస్తును స్తంభాల మీద ఖాళీగా వదిలి, పైన ఒక పెద్ద హాలు, దానికి వెడల్పాటి మెట్లు, అవసరమైతే జనం ఎక్కి నిలబడగల డాబా ఉండేలా కట్టిన ఈ భవనాలు మామూలు రోజుల్లో బడిగానో ఊరి సమావేశ స్థలంగానో పనిచేస్తాయి. ఊరిలో మెట్ట లేనప్పుడు మెట్టను కట్టుకోవడం వీటి వెనకున్న ఆలోచన; సునామీ శాస్త్రంలో దీన్నే నిలువు తరలింపు అంటారు. 1990 మే నెలలో దాదాపు అదే తీవ్రతతో తుఫాను వచ్చినప్పుడు ఆరున్నర లక్షల మందిని ముందే తరలించారు, మృతుల సంఖ్య వెయ్యికి లోపే ఆగింది. పదమూడేళ్ళలో ఇంత మార్పు సాధించిన రెవెన్యూ సిబ్బంది, గ్రామ సేవకులు, దండోరా వేసినవారు చరిత్ర పుస్తకాల్లో తగినంత చోటుకు అర్హులు.

అయితే ఈ వ్యవస్థకంతటికీ ఒకటే ఊపిరి: గడువు. వాయుగుండం ఏర్పడిన నాటి నుంచి తీరం దాటే దాకా రెండు మూడు రోజులు చేతిలో ఉంటాయి. ఆ వ్యవధిలోనే కలెక్టరు నుంచి తహసీల్దారుకు, తహసీల్దారు నుంచి ఊరికి కబురు నడుస్తుంది, లారీలు వస్తాయి, షెల్టరు తలుపులు తెరుచుకుంటాయి, మొరాయించే ముసలివారిని ఒప్పించే వీలు దొరుకుతుంది. పైగా రెండో రోజుకల్లా గాలే సాక్ష్యం చెబుతుంది గనుక అధికారి మాట నమ్మనివారు కూడా కదులుతారు. సునామీ ఈ రెండింటినీ లాగేసుకుంటుంది. సుమత్రా, అండమాన్ ప్రాంతపు భూకంపం నుంచి ఆంధ్ర తీరానికి అల చేరే వ్యవధి రెండు మూడు గంటలు. అంతసేపూ ఆకాశం నిర్మలంగానే ఉండవచ్చు.

సునామీ ఈ తీరాన్ని గతంలో తాకకపోలేదు. 1881 డిసెంబరు 31న కార్ నికోబార్ సమీపంలో వచ్చిన భూకంపం పుట్టించిన అలలు, 1883 ఆగస్టులో క్రాకటోవా అగ్నిపర్వతం పేలినప్పటి అలలు బంగాళాఖాతం ఒడ్డున సర్వే ఆఫ్ ఇండియా అమర్చిన అలపోటు కొలమానాల్లో గీతలుగా నమోదయ్యాయి. భూగర్భశాస్త్రజ్ఞుడు ఆర్. డి. ఓల్డ్‌హామ్ 1881 నాటి గీతలను పరిశీలించి భూకంప స్థానాన్ని కూడా అంచనా కట్టాడు. కాని ఆ అలలు మనిషి గుర్తించేంత ఎత్తు లేవకపోవడంతో సంగతి కాగితం మీదే ఉండిపోయి ఊరి జ్ఞాపకంలోకి రాలేదు. సుమత్రా పక్కనున్న సిమెలూ దీవి చరిత్ర ఇందుకు భిన్నం. అక్కడ 1907లో వేలమందిని చంపిన అలకు స్మోంగ్ అన్న పేరు నిలిచి, భూమి గట్టిగా కంపిస్తే వెంటనే కొండెక్కాలన్న బోధ పిల్లల పాటల్లోనూ జోల పాటల్లోనూ చేరింది; 2004 సునామీలో భూకంప కేంద్రానికి అతి చేరువలో ఉండి కూడా, డెబ్బై వేలకు పైగా జనాభా గల ఆ దీవిలో అలకు బలైనవారు వేళ్ళ మీద లెక్కించదగినంత మందే. ఆంధ్ర తీరపు జ్ఞాపకంలోనూ భయం తక్కువేమీ లేదు, కాని అందులో ఉన్నది ఉప్పెన, దాని ముందు వీచిన గాలి.

2004 డిసెంబరు 26 ఆదివారం, పౌర్ణమి. ఉదయం ఆరున్నరకు సుమత్రా దగ్గర 9.1 తీవ్రతతో కంపించిన నేల ప్రకంపన కోస్తా పట్టణాల్లో తెలిసింది. దానికీ సముద్రానికీ ముడిపెట్టే అలవాటు ఎవరికీ లేదు. రెండున్నర గంటల తరువాత అల ఆంధ్ర తీరాన్ని తాకింది. పౌర్ణమి గనుక సముద్రస్నానాలకు, ఆదివారం గనుక విహారానికి వచ్చినవారు మచిలీపట్నం దగ్గరి మంగినపూడి వంటి ఒడ్లలో ఉన్నారు. వేటకు సిద్ధం చేసుకుంటున్న పడవలు, ఆరబోసిన వలలు ఇసుక మీద ఉన్నాయి. తమిళనాడులో దాదాపు 8,000 మంది, ఆంధ్రప్రదేశ్‌లో వందకు పైగా మరణించారు. ఈ రెండు సంఖ్యల మధ్యనున్న దూరానికి సన్నద్ధత కారణం కాదన్నది స్పష్టంగా చెప్పుకోవాలి: భూకంపపు పగులు ఉత్తర దక్షిణాలుగా ఉండటం వల్ల అల బలమంతా తూర్పు పడమరల వైపు, శ్రీలంక, తమిళనాడు తీరాల మీదికి మళ్ళింది. అదే పగులు మరింత ఉత్తరాన సంభవించి ఉంటే కృష్ణా, గోదావరి డెల్టాల పరిస్థితి ఊహకందదు.

ఆ రోజు గురించి తరువాత బాగా ప్రచారమైన ఒక సూచనను ఇక్కడ సవరించుకోవలసి ఉంది. సముద్రం హఠాత్తుగా వెనక్కి పోతే పరుగెత్తమని కరపత్రాలూ బడి పాఠాలూ చెబుతాయి. థాయ్‌లాండ్ ఒడ్డున అలాగే జరిగింది. పగులుకు తూర్పున సముద్రతలం కుంగింది గనుక అటు వెళ్ళిన అలలో ముందు పల్లం, వెనక ఎత్తు ఉన్నాయి. పడమట సముద్రతలం పైకి లేచింది గనుక భారత తీరానికి ముందుగా వచ్చింది ఎత్తే. నీరు వెనక్కి పోవడం మొదటి అల తరువాత జరిగింది. సుమత్రా, అండమాన్ వైపు ఇలాంటి పగులు మళ్ళీ వస్తే ఆంధ్ర తీరాన సముద్రం వెనక్కి పోయేదాకా చూస్తూ కూర్చున్నవారికి మొదటి అల ముందస్తు గుర్తేదీ ఇవ్వదు. వెనక్కి పోయినప్పుడు బయటపడిన నేల మీదికి చేపల కోసమో వింత చూడటానికో దిగితే రెండో అలకు, మూడో అలకు చిక్కుతారు. పరదేశపు అనుభవం నుంచి తెచ్చుకున్న పాఠాన్ని స్థానిక భూగోళానికి సరిపోల్చుకోకపోతే పాఠమే ప్రమాదకరం కావచ్చు.

2004 తరువాత దేశం ఏర్పరచుకున్న సునామీ హెచ్చరిక కేంద్రం సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో, హైదరాబాదులో ఉంది. 1999లో ఏర్పడి, చేపలు ఎక్కడ గుమిగూడి ఉంటాయో ఉపగ్రహ చిత్రాల ద్వారా జాలరులకు చెబుతూ వచ్చిన భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం, వాడుకలో ఇన్‌కాయిస్, 2007 అక్టోబరు 15 నుంచి ఈ బాధ్యతను చేపట్టింది. హిందూ మహాసముద్రంలో పెద్ద భూకంపం రాగానే భూకంపమాపకాల సంకేతాలను బట్టి పది పన్నెండు నిమిషాల్లో తొలి ప్రకటన వెలువడుతుంది. అయితే ప్రతి పెద్ద భూకంపమూ సునామీని పుట్టించదు గనుక నీరు నిజంగా కదిలిందా లేదా తేల్చడానికి సముద్రపు అడుగున పీడనమాపకాలను దించారు. వేల మీటర్ల లోతున కూర్చుని, తన మీదున్న నీటి మట్టం కొద్ది సెంటీమీటర్లు పెరిగినా పసిగట్టే ఈ పరికరం, నీటిపై తేలే బోయాకు శబ్దతరంగాల ద్వారా, అక్కడినుంచి ఉపగ్రహం ద్వారా హైదరాబాదుకు కబురు పంపుతుంది. ముందే లెక్కగట్టి దాచిన వేలాది ఊహాచిత్రాల్లో ఆ భూకంపానికి సరిపోయేదాన్ని ఎంచుకుని ఏ తీరానికి ఎంత అల, ఎన్ని గంటలకు అన్నది తేలుస్తారు. 2012 ఏప్రిల్ 11 మధ్యాహ్నం సుమత్రా పడమట 8.6 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు ఈ యంత్రాంగమంతా కదిలింది. అక్కడ పలకలు పైకి లేవకుండా పక్కకు జారడం వల్ల నీరు పెద్దగా కదలలేదు, సాయంత్రానికి హెచ్చరికలు ఉపసంహరించారు. అలాంటి రోజున అల రాలేదని కేంద్రాన్ని తప్పుపట్టడం తేలిక. అల పెద్దది కాదని గంటల్లో ధైర్యంగా చెప్పగలగడమే ఆ కేంద్రపు అసలు బలం, ఎందుకంటే అనవసరంగా పరుగెత్తించిన ప్రతిసారీ ఊరు తరువాతి పిలుపుకు కొంత చెవిటిదవుతుంది.

హైదరాబాదు నుంచి జిల్లా కేంద్రం దాకా కబురు నిమిషాల్లో చేరుతుంది. అక్కడినుంచి ఒడ్డున వల బాగుచేసుకుంటున్న మనిషి దాకా ఉన్న దూరమే మిగిలిన చిక్కు. 2009 నుంచి రెండు మూడేళ్ళకోసారి హిందూ మహాసముద్ర దేశాలన్నీ కలిసి జరుపుకునే ఐఓవేవ్ మాక్ డ్రిల్లులు ఈ దూరాన్ని కొలిచి చూసుకోవడానికే. ఈ దిశలో అందరికంటే ముందడుగు వేసింది ఆంధ్రకు పొరుగునున్న ఒడిశా. 2020 ఆగస్టులో గంజాం జిల్లాలోని వెంకటరాయపూర్, జగత్‌సింగ్‌పూర్ జిల్లాలోని నోలియాసాహి హిందూ మహాసముద్ర ప్రాంతం మొత్తంలోనే యునెస్కో సునామీ సన్నద్ధత గుర్తింపు పొందిన తొలి గ్రామాలయ్యాయి. ఒడిశా తీరంలో నోలియాలని పిలిచే జాలరుల్లో అత్యధికులు ఆంధ్ర తీరం నుంచి తరాల క్రితం వలసపోయిన, ఇప్పటికీ ఇంట తెలుగు మాట్లాడుకునే వాడబలిజలు. పూరీలోనూ గోపాల్‌పూర్‌లోనూ వారి పేటలు ప్రసిద్ధం.

గుర్తింపుకు నెరవేర్చవలసిన అంశాలు పన్నెండు. చదవడానికి కార్యాలయ పత్రంలా ఉన్నా, వాటిలో ప్రతి ఒక్కటీ ఎక్కడో ఒక మరణం నేర్పినదే. ఊరిలో నీరు ఎక్కడి వరకు రావచ్చో పటం గీసి ఉండాలి. ఆ గీత లోపల ఎంతమంది నివసిస్తున్నారో లెక్క ఉండాలి. ఎటు వెళ్ళాలో చూపే బోర్డులు దారి పక్కన నిలబడి ఉండాలి. బడిపిల్లలకు, పెద్దలకు ఏటా అవగాహన కార్యక్రమాలు జరగాలి. ఊరంతా కలిసి తరలింపును అభ్యాసం చేయాలి. రాత్రింబవళ్ళు హెచ్చరిక అందుకునే మార్గం ఒకటికి మించి ఉండాలి, అందుకున్నదాన్ని ఊరికి చాటే మార్గమూ ఒకటికి మించి ఉండాలి. కరెంటు పోతే సైరన్ మోగదు, టవర్ పడితే ఫోన్ పలకదు, అప్పుడు చేతి మైకో, గుడి గంటో, గొంతో మిగులుతుంది. షెల్టరు తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది, అతను ఊళ్ళో లేనప్పుడు ఎవరు తెరుస్తారు, నడవలేని వృద్ధురాలిని ఏ ఇంటి కుర్రవాడు మోసుకెళ్ళాలి అన్నవి ముందే తేల్చుకున్న ఊరికి రెండు గంటలు ధారాళంగా సరిపోతాయి. తేల్చుకోని ఊరికి రెండు రోజులూ చాలవు. ఈ గుర్తింపు శాశ్వతమూ కాదు, కొన్నేళ్ళకోసారి మళ్ళీ నిరూపించుకోవాలి. 2024 నవంబరులో, 2004 సునామీకి అతి ఎక్కువగా బలైన ఇండోనేషియా నగరం బండా ఆచేలో జరిగిన సదస్సులో ఒడిశాకు చెందిన మరో 24 గ్రామాలకు ఇదే గుర్తింపు లభించింది.

తుఫాను షెల్టర్లూ తరలింపు అనుభవమూ ఇంతకంటే పాతవైన ఆంధ్ర తీరానికి ఈ బాట కొత్తదేమీ కాదు. ఉన్న షెల్టరును గాలి లేని రోజున కూడా వాడుకోవడం నేర్చుకోవడమే చేయవలసింది. ఆ నేర్పు ఊరి హద్దుతో ఆగకూడదని శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల జాలరుల జీవితం గుర్తుచేస్తుంది. అక్కడి మగవారు వేలాదిగా ఏటా నెలల తరబడి గుజరాత్‌లోని వేరావల్ రేవులో మర పడవల మీద కూలీకి వెళ్తారు. అరేబియా సముద్రానికీ తనదైన సునామీ చరిత్ర ఉంది: 1945 నవంబరు 28న మక్రాన్ తీరంలో వచ్చిన భూకంపపు అల ముంబై దాకా ప్రాణాలు తీసింది. లోతైన నీటిలో ఉన్న పడవను సునామీ మెల్లగా ఎత్తి దించుతుంది, రేవులోనూ ఒడ్డునా ఉన్న పడవనే బద్దలు కొడుతుంది; కాబట్టి హెచ్చరిక విన్న పడవ రేవుకు పరుగెత్తి రాకుండా లోతుకే వెళ్ళాలి, ఒడ్డున ఉన్న మనిషి పడవను వదిలి లోపలికి పోవాలి. సొంత ఊరి షెల్టరు దారి కళ్ళు మూసుకుని నడవగల జాలరికి వేరావల్ రేవులో ఆ దారి తెలియాలంటే, ఆ రేవు అధికారులు హెచ్చరికను గుజరాతీలోనూ హిందీలోనూ చదివి ఊరుకోకుండా తెలుగులో కూడా వినిపించాలి, తెలుగు పడవ పనివారిని కూడా కలుపుకుని అభ్యాసం జరపాలి.